మొదటి పాయ

రెండుంపావు. నా గడియారం ఎప్పుడూ ఐదు నిమిషాలు ముందుంటుంది, నేనే అలా పెట్టుకున్నాను, ఎక్కడికి వెళ్ళాలన్నా అందరికంటే ముందు కదలాల్సినదాన్ని కదా, అంటే నిజానికి రెండూ పది, మూడింటికి ఇంకా యాభై నిమిషాలు. ఇక్కణ్ణుంచి ఒరూరోకి గంటన్నర. ఇప్పటికిప్పుడు రోడ్డు మీద రాళ్ళు తీసేసినా మూడూ నలభై అవుతుంది, నలభై నిమిషాలు ఆగరా, మనవాళ్ళు పెళ్ళిళ్ళే రెండు గంటలు ఆలస్యంగా చేస్తారు, బాజాలవాళ్ళు ఒక్కనాడైనా వేళకు వచ్చారా, ఆగుతారు. బస్సులో నలభై సీట్లు, ముప్పైతొమ్మిది ఖాళీ. ఎండ పడేవైపు మాడిపోతోంది, నీడవైపు ఎముకలు కొరికే చలి, నేను రెంటికీ మధ్య కూచున్నాను. నా ఒళ్ళో కత్తెర ఉంది, పిడికి తెల్ల రిబ్బను చుట్టిన కత్తెర. ఒరూరోలో మా చెల్లెలు విటాలియా కూతురు మిల్కాకి ఇవాళ మూడింటికి పుట్టువెంట్రుకలు తీస్తున్నారు. జుట్టంతా చిన్న చిన్న పాయలుగా అల్లి, ఒక్కో పాయకీ ఒక్కో రంగు రిబ్బను కట్టి కూచోబెడతారు. తర్వాతి పాయలు ఎవరైనా కత్తిరించవచ్చు, మామలు, బాబాయిలు, వీధిలోవాళ్ళు, చివరికి బాకా ఊదేవాడు కూడా. నుదుటి మీది మొదటి పాయ మాత్రం ఒక్కరిదే. అది కత్తిరించిన మనిషే ఆ బిడ్డకు బతికినంతకాలం జ్ఞానతల్లి. ఆ మనిషిని నేను, హిలారియాని, నలభై ఆరేళ్ళదాన్ని, కొచబాంబా సంతలో మడతల పావడాలు కుట్టేదాన్ని, ఇక్కడ కొండల నడుమ ఆగిన బస్సులో కూచుని గడియారం చూసుకుంటున్నాను.

అందరూ నడిచి వెళ్ళిపోయారు. కాసేపటి క్రితం వరకూ ఆ మలుపు దగ్గర చుక్కల్లా కనబడ్డారు, ఇప్పుడు అవీ లేవు. ఏదో ఒక ఊరివాళ్ళు సర్కారు మీద కోపంతో రాళ్ళు పేర్చి దారి కట్టేస్తే చేసే పని మాకు కొత్త కాదు, దిగడం, మూటలు వీపున కట్టుకోవడం, అడ్డం ఈ చివర నుంచి ఆ చివరకు నడవడం, అవతల ఆగిన బస్సెక్కడం, అంతే. ఇవాళ అడ్డం రెండు కోసుల పొడవుంది. రోడ్డంతా బండరాళ్ళు, వాటి మధ్య పగిలిన సీసా పెంకులు. ఇద్దరెవరో మోటారు సైకిళ్ళు తెస్తే వాటి టైర్లలో గాలి తీసేశారు. ప్లాసిదో, మా డ్రైవరు, సామాన్ల అరలోంచి నా చక్రాల కుర్చీ దించి రోడ్డు మీద పెట్టి నన్ను కూచోబెట్టాడు కూడా. మొదటి గజంలోనే ముందు చక్రం రెండు రాళ్ళ మధ్య ఇరుక్కుంది. అతను చక్రం వంక చూశాడు, నేను అతని వంక చూశాను, మళ్ళీ ఎత్తి బస్సులో కూచోబెట్టి తను రాళ్ళు కాపలా కాసేవాళ్ళ దగ్గరికి పోయాడు. ఊతకర్రల మీద నేను ఇంట్లో ఇరవై అడుగులు వేస్తాను, మంచి రోజైతే ముప్పై. కోడిపిల్లల బుట్ట పట్టుకొచ్చిన ముసలామె ఒకావిడ దిగబోతూ నా దగ్గర ఆగి, "రా పిల్లా, నా వీపున కట్టుకుని తీస్కపోతా, ఈ బుట్టకంటే బరువుంటావా ఏంటి?" అంది. బుట్టకంటే బరువుంటాను. మా అమ్మకైతే ఉండేదాన్ని కాను. తొమ్మిదేళ్ళు వచ్చేదాకా చారల దుప్పటిలో నన్ను వీపున కట్టుకుని బడికి మోసింది, నా కాళ్ళు ఆమె నడుము దాటి వేలాడేవి. బడి గేటు దగ్గర ఒకడు, "ఇంత పెద్దదాన్ని మోస్తున్నావేంటి అత్తా?" అన్నాడు. "మీ అమ్మ నిన్ను తొమ్మిది నెలలు మోసి వదిలేసింది, నాకింకా తనివి తీరలేదు నాయనా," అంది అమ్మ. ఆమె మెడ వెనక చెమట వాసన, పొగ వాసన, ఉన్ని వాసన. అమ్మ ఉంటే ఈ రెండు కోసులూ నడిచేసేది. అమ్మ పోయి పదకొండేళ్ళు.

నిజానికి నేను ఈపాటికి ఒరూరోలో ఉండేదాన్ని. ఆ మాట తలచుకోకూడదనుకుంటున్నాను, తలచుకుంటున్నాను. పదకొండింటికి బస్సు ఆగగానే ప్లాసిదో నా సీటు దగ్గరకొచ్చి గొంతుక్కూచున్నాడు. "అక్కా, ఒక్క మాట చెప్తా, కోప్పడొద్దు. బండిలో రోగులుంటే వీళ్ళు వదిలేస్తారు, అది వీళ్ళ కట్టుబాటు. నువ్వెళ్ళి వెనక పొడుగు సీట్లో పడుకో. కళ్ళు మూసుకో. అప్పుడప్పుడూ కాస్త మూలుగు. మిగతాది నేను చూస్కుంటా." అంతే, బస్సు బస్సంతా ఒక్కసారిగా నాటకం కంపెనీ అయిపోయింది. ఒకరు దుప్పటి ఇచ్చారు. ఒక పెద్దాయన చెమట పట్టినట్టుంటుందని నా నుదుటి మీద నీళ్ళు చిలకరించాడు. కోళ్ళావిడ, "నోరు కొంచెం తెరువు, ఇంకొంచెం, ఆఁ, మా ఆయన పోయేముందు అచ్చం ఇట్టాగే పెట్టాడు," అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. పడుకున్నాను. పండక్కని మూడు వారాలు కూచుని కుట్టుకున్న గులాబి రంగు పావడా నలిగిపోతుందని ఒక్కటే దిగులు. ఇందులో తప్పేముంది అనుకున్నాను, మిల్కా కోసం ఒక్క మూలుగు మూలగలేనా అనుకున్నాను.

సెగుందినా బస్సెక్కింది. ఇక్కడి సంఘం పెద్ద ఆవిడే, గుండ్రటి టోపీ, భుజం మీద చుట్టిన కొరడా, బుగ్గలో కోకా ఆకుల ఉండ. ప్లాసిదో వెనకే వస్తూ ఏదేదో చెబుతున్నాడు, గుండె అంటున్నాడు, ఊపిరి అంటున్నాడు. ఆవిడ అరుస్తుందనుకున్నాను, అనుమానపడుతుందనుకున్నాను. అలా చేసినా బాగుండేది. నా పక్కన కూచుని నుదుటి మీద చెయ్యి వేసింది. గరుకు చెయ్యి, వెచ్చటి చెయ్యి. "ఏం రోగమమ్మా నీకు?" అంది. దుప్పటి అంచు ఎత్తి నా కాళ్ళు చూసింది. మెల్లగా కప్పేసింది. "అయ్యో, పాపం," అంది. అంతవరకూ బాగానే మూలుగుతున్నాను నేను. ఆ పాపం అన్న మాట చెవిన పడగానే నా కళ్ళు వాటంతటవే తెరుచుకున్నాయి. "నాకే రోగం లేదు," అన్నాను. "పుట్టువెంట్రుకల పండక్కి పోతున్నా. నేనే జ్ఞానతల్లిని." "మరి కాళ్ళు?" అంది ఆవిడ. "కాళ్ళు ఇంతే. పోలియో వచ్చి నలభై నాలుగేళ్ళు. వచ్చిన రోగం అప్పుడే పోయింది." ఆవిడ నా చెవి దగ్గరకు వంగింది, కోకా వాసన వేసింది. "ఏదో ఒకటిలే తల్లీ. బాగాలేదను చాలు. ఒక్క మాటను, బండి వదిలేస్తా." ఆవిడే దారి చూపించింది, ఆవిడే! నేను లేచి కూచుని పావడా సర్దుకున్నాను. "నేను రోగిని కాను," అన్నాను. ఆవిడ లేచి నిలబడింది. "అట్టయితే పండక్కి పోయేవాళ్ళకి నడకే తల్లీ. మా వాగు మీద వంతెన కొట్టుకుపోయి మూడేళ్ళాయె. మా పండగలకి మేం నడుంలోతు నీళ్ళలో పోతున్నాం." ఆవిడ దిగీ దిగగానే బస్సు నా మీద పడింది. "ఒక్క మాట! ఒక్క మాటకి నోరు పడిపోయిందా?" "తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం." కుందేలు సంగతి నాకెందుకు, ఉన్న నా రెండూ లెక్కకు రావు. కోళ్ళావిడ ఒక్కతే తిట్టలేదు, వెళ్ళేటప్పుడు వీపున కట్టుకుంటానంది.

రెండూ ముప్పై ఐదు, అంటే ముప్పై. ఎందుకన్నాను ఆ మాట. అహంకారం, మరింకేముంది, విటాలియా అయితే అదే అంటుంది, అక్కకు కాళ్ళలో లేని బలమంతా ముక్కు మీద ఉంది అంటుంది. కావచ్చు. కానీ నాకు పుట్టువెంట్రుకలు తీయలేదు. ఈ సంగతి ఎవరికి చెప్పుకున్నా నవ్వుతారు, ఇంత వయసొచ్చి ఇంకా అదేం బాధ అంటారు. నాకు రెండేళ్ళప్పుడు జ్వరమొచ్చి కాళ్ళు పడిపోయాయి, ఆసుపత్రిలో మూడు నెలలు. అప్పటికి నా జుట్టు భుజాలదాకా ఉండేదట, పండగ నాటికి అని అమ్మ చమురు పెట్టి పెంచుకుంటోంది, జ్ఞానతల్లిగా బంగాళాదుంపలమ్మే దోమితిలా అత్తను కూడా అడిగేసింది. ఒకరోజు అమ్మ గంజి తెచ్చేలోపల పేలున్నాయని నర్సు గుండు కొట్టేసింది. అమ్మ ఆ జుట్టైనా ఇమ్మని బతిమాలింది. ఊడ్చేశారు, చెత్తబుట్టలో వేసేశారు. "దానికి పండగ చెయ్యాలమ్మా, జుట్టివ్వు తల్లీ," అని అమ్మ కాళ్ళావేళ్ళా పడితే నర్సు అందట, "రోగికి పండగేంటమ్మా?" నాకు జడ వేసినప్పుడల్లా అమ్మ ఈ కథ చెప్పేది, చెప్పి ఏడ్చేది, ఏడుస్తూనే జడ బిగించి లాగేది. నాకది గుర్తుండే వయసు కాదు. కానీ ఆ మాట నా నెత్తిన అంటుకుని ఉండిపోయింది. గుడిలో ఫాదరు గారు పండుగ పూజలో నన్ను చూడగానే రోగులకు పూసే తైలం తీస్తారు. బ్యాంకులో కాపలావాడు నన్ను రోగుల వరసలోకి తోస్తాడు, అక్కడ నా ముందు నిలబడి దగ్గుతున్న మనిషి నాకు చోటిచ్చి వెనక్కి జరుగుతాడు. నేను జలుబు చేసి పడుకున్న రోజులు ఏడాదికి రెండు. నలభై ఏడుగురు పెళ్ళికూతుళ్ళకు పావడాలు కుట్టాను. ఇవాళ మొట్టమొదటిసారి నేను పండక్కి పోయేదాన్ని, చూడ్డానికి కాదు, చెయ్యడానికి. ఆ ఒక్క రోజు కూడా రోగిలా పడుకుని వెళ్ళాలా. అవును, పడుకుని వెళ్ళాల్సింది. పడుకుంటే ఏం పోయేది.

లేదు, తప్పు నిన్నటిది, నాది కాదు. నిన్న సాయంత్రమే బయల్దేరాను కదా. టికెట్ల కిటికీలో కుర్రదాని వెనక నుంచి ఒకాయన, "కుర్చీకి చోటు లేదమ్మా, అరంతా ఉల్లిపాయలే, రేప్పొద్దున రా," అన్నాడు. ఉల్లిపాయలు ఒరూరో చేరాయి. రాత్రికి రాత్రే చేరి ఈపాటికి మాంసం కూరలో పడి ఉంటాయి. పొద్దున దారి కట్టకముందే, ఇంకా తెల్లవారకముందే దాటేశాయి. ఉల్లిపాయలకున్న యోగం నాకు లేదు.

మిల్కా ఇప్పుడు కుర్చీలో కూచుని ఉంటుంది. కదలకు కదలకు అంటూ విటాలియా పాయలు అల్లుతూ ఉంటుంది. అది కదులుతుంది. రెండేళ్ళు నా దగ్గరే పెరిగింది, నాకు తెలియదా, విటాలియా పనికోసం సరిహద్దు దాటి పోయినప్పుడు మూడు నెలల పిల్లని తెచ్చి నా కుట్టుబల్ల మీద పెట్టింది. బల్ల మీదనుంచి బల్ల కిందికి దిగింది మిల్కా, అదే దాని ఇల్లు, పీలికల గుట్టలో కూచునేది. దానికి కత్తెరంటే భయం. టీకాల గదిలో ఎవరో కట్టు కత్తిరించారు, అప్పటినుంచి ఏ కత్తెర చూసినా పెడబొబ్బలు. నా కత్తెరంటే మాత్రం భయం లేదు, దాని చప్పుడు మూడు నెలల పిల్లప్పట్నుంచీ విన్నది. బల్ల పైన నేను కత్తెర ఆడిస్తాను, కర్ కర్ కర్, "ఈ జుట్టెవరిదమ్మా?" అంటాను. "నాది కాదూ!" అని బల్ల కింద నుంచి అరుస్తుంది. "మరెవరిది?" "కుక్కది!" పడీ పడీ నవ్వుతుంది. రోజుకు ఇరవై సార్లు అదే ఆట, నాకు విసుగొచ్చేది, దేవుడా, నాకు విసుగు కూడా వచ్చేది. ఎనిమిది నెలల క్రితం విటాలియా, మొగుడు వచ్చి తీసుకెళ్ళారు. బిడ్డ వాళ్ళది, తీసుకెళ్ళక ఏం చేస్తారు. బస్సు దగ్గర అది నా మెడ వదల్లేదు, వేళ్ళు ఒక్కొక్కటీ విప్పాల్సి వచ్చింది, నేనే విప్పాను. "నీ జుట్టు మీద మొదట కత్తెర పెట్టేది నేనే, ఇంకెవర్నీ పెట్టనివ్వను, సరేనా," అన్నాను. అది తల ఊపింది. విటాలియా వింది, వాళ్ళాయన విన్నాడు. ఈ ఎనిమిది నెలలుగా ఎవరు అడిగినా అదే చెప్పుకు తిరిగాను, ఉల్లిపాయలవాడికి కూడా చెప్పాను. పెళ్ళి లేదు, పిల్లలు లేరు. జ్ఞానతల్లినైతే అది నాకు బిడ్డే, ఎవరూ కాదనలేరు, ఏ బస్సెక్కించి ఎక్కడికి తీసుకుపోయినా.

ఫోను మోగింది. విటాలియా. వెనక బాజాలు మొదలయ్యాయి, ఎవరో గట్టిగా నవ్వుతున్నారు. "అక్కా, ఎక్కడదాకా వచ్చావు?"

"అక్కడే ఉన్నా. రాళ్ళు తీయలేదింకా. విటా, కాసేపు ఆగండే. సాయంత్రం ఐదు దాకా ఆగలేరా?"

"అక్కా, హాలు ఐదింటికి ఖాళీ చెయ్యాలి. మా మామగారు గోల పెడుతున్నాడు, జనం తాగడం మొదలెట్టేశారు." చెల్లెలు ఊపిరి తీసుకునే తీరు నాకు తెలుసు, చిన్నప్పుడు పింగాణీ కప్పు పగలగొట్టి వచ్చినప్పుడూ ఇలాగే తీసుకుంది. "నోర్కా గారు ఉన్నారక్కా. ఈయనకి లారీ పని ఇప్పించిన ఆయన భార్య. మొదటి పాయకి ఆవిణ్ణి అడిగాం."

"ఇప్పుడా?"

"ముందే అడిగి ఉంచామక్కా. ఒకవేళ అని. నీ సంగతి తెలుసు కదా, దారి, కుర్చీ..."

"ముందే అంటే?"

"పోయిన వారం."

పోయిన వారం రాళ్ళు లేవు. పోయిన వారం ఉల్లిపాయలు లేవు. పోయిన వారం నేను గులాబి పావడాకి అంచు కుడుతున్నాను. నేను రానని వాళ్ళకు నాకంటే ముందే తెలుసు. కోపం రావాలి, అదేంటో రాలేదు. అప్పుడు వినబడింది అరుపు. బాజాల మీదుగా, నవ్వుల మీదుగా, ఆ అరుపు నేను నిద్రలో కూడా గుర్తుపడతాను.

"చూశావా," అంది విటాలియా, ఇప్పుడు తనూ ఏడుస్తోంది, "కుర్చీలోంచి దూకేస్తోంది, ఆవిడ కత్తెర తీస్తే చేయి కొరికింది. అందరూ చూస్తున్నారక్కా. పెద్దమ్మే చెయ్యాలంటోంది. నువ్వే చెప్పు దానికి. నీ మాటే వింటుంది."

నేనే చెప్పాలా. పెట్టెయ్యి ఫోను, నా లోపలినుంచే ఎవరో అన్నారు, పెట్టెయ్యి, ఏడవనీ, కొరకనీ, పండగ చెడనీ, అప్పుడు సాయంత్రం దాకా ఆగక ఏం చేస్తారు. ఏడవనీ. "ఇవ్వు," అన్నాను.

ఎక్కిళ్ళు. ముక్కు ఎగబీల్చిన చప్పుడు. "పెద్దమ్మా, కత్తెర తెచ్చావా?"

"తెచ్చానమ్మా."

"ఎక్కడున్నావ్?"

కిటికీలోంచి ఖాళీ రోడ్డు కనబడుతోంది, రాళ్ళు, మందలోంచి తప్పిన లామా ఒకటి వాటిని వాసన చూస్తోంది. పొద్దున నలభై మందికోసం ఒక్క అబద్ధం ఆడలేకపోయినదాన్ని. "బల్ల కింద ఉన్నా," అన్నాను. "ఇవాళ నేను బల్ల కింద, నువ్వు పైన. నువ్వు కళ్ళు మూసుకుంటేనే నేను బయటికొస్తా. గట్టిగా. మూసుకున్నావా?"

"ఆఁ."

"చూస్తున్నావు, దొంగా."

"లేదూ!" కొంచెం నవ్వింది. ఏడుపులోంచి నవ్వింది.

"వచ్చేశా. నీ వెనకే ఉన్నా. విను." రిబ్బను విప్పేశాను, ముడి రాకపోతే పళ్ళతో లాగాను. ఫోను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి కత్తెర దానికి దగ్గరగా తెచ్చాను. ఖాళీ గాల్లో ఆడించాను. కర్. కర్. కర్. అవతల అరుపు లేదు. బాజాలు కూడా ఆపించినట్టున్నారు. "ఈ జుట్టెవరిదమ్మా?"

"నాది కాదూ," అంది మిల్కా, మెల్లగా, ఊపిరి బిగబట్టి.

కర్. "మరెవరిది?"

దాని జవాబు నాకు వినబడలేదు. ఒక్కసారిగా చప్పట్లు, కేకలు, బాకా. ఎవరో ఆడమనిషి గొంతు, తియ్యటి గొంతు, "అయిపోయింది బంగారూ, అయిపోయింది," అంటోంది. ఎవరో ఆవిణ్ణి జ్ఞానతల్లీ అని పిలిచారు. ఇంకెవరో తల మీద రంగు కాగితాలు చల్లండి అన్నారు. నేను కత్తెర ఆడిస్తూనే ఉన్నాను, ఆపితే కళ్ళు తెరుస్తుందేమోనని.

"పెద్దమ్మా," అంది ఫోనులో, నోరు దానికి ఆనించి, "ఇప్పుడు కళ్ళు తెరవనా?"

కత్తెర కర్ కర్ మనిపిస్తూనే ఉన్నాను. "పెద్దమ్మా, తెరవనా?" అంది మళ్ళీ. తర్వాత ఫోను ఎవరో తీసుకున్నారు, తర్వాత బాజాలు, తర్వాత ఏమీ లేదు.

మూడూ పది. అంటే మూడూ ఐదు. ఇక ఐదు నిమిషాల తేడాతో పనేముంది. ఒళ్ళో తెల్ల రిబ్బను ఉంది, దాని చివర నా పళ్ళ గుర్తులు. బస్సు మెట్లు కిర్రుమన్నాయి. సెగుందినా, కొంగులో ఉడికించిన దుంపలు, ఒక జున్ను ముక్క. "పొద్దుటినుంచి ఏమీ తినలేదంట, మీ డ్రైవరు చెప్పాడు," అంటూ వచ్చింది. నా మొహం చూసి ఆగిపోయింది. దుంపలు సీటు మీద పెట్టి, పక్కన కూచుని, పొద్దున వేసినట్టే నుదుటి మీద చెయ్యి వేసింది.

"ఏమ్మా? బాగాలేదా?"

"బాగాలేదమ్మా," అన్నాను. "అస్సలు బాగాలేదు."

ఆవిడ కిటికీలోంచి తల బయటికి పెట్టి కేకేసింది. "ఒరేయ్, రాళ్ళు తీయండ్రా. బండిలో రోగి ఉంది."

నేను కాదనలేదు.